మిద్దె మీద సక్యులెంట్లు: సాగకుండా, కుళ్లకుండా (ప్రాజెక్టు డైరీ, జూన్ 2023 – సెప్టెంబర్ 2024)

హైదరాబాద్‌లో మిద్దె మీద సక్యులెంట్లను (ఆకుల్లో, కాండంలో నీరు దాచుకునే మొక్కలను) కుదురుగా పెంచాలనుకునేవాళ్లు చూసి చేసుకోవడానికి రాసిన డైరీ ఇది. కుదురుగా అంటే ఆకులు ఒకదాన్నొకటి ఆనుకుని, మధ్యలో కాండం కనపడకుండా, మొక్క ఎత్తు దాని వెడల్పులో సగం మించకుండా ఉండడం. ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు ఎక్కువగా చల్లని, పొడి ఊళ్లలో పెంచినవాళ్లవి. "వారానికోసారి నీళ్లు, కిటికీ పక్కన చోటు" అనే మాట మన జూలైకీ పనికిరాదు, మన మే నెలకీ పనికిరాదు. అందుకని ఇక్కడ ఏం పోయింది, ఏం కొలిచాను, ఏం మార్చాను అన్నవే రాశాను.

స్థలం వివరాలు: సొంత ఇంటి మిద్దె, చుట్టూ 107 సెం.మీ. (మూడున్నర అడుగుల) పిట్టగోడ. బోరు నీళ్లు, టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల కొలత) 900 పైనే.

మొదట తెచ్చినవి: ఎకివేరియా 12, గ్రాప్టోపెటాలం 8, హవార్థియా 6, జేడ్ 4, సీడమ్ 4, పోర్చులకేరియా 2. మొత్తం 36.

ఖర్చు: మొక్కలకు 3,000, నాలుగంగుళాల మట్టి కుండీలకు 900, మట్టి, వర్మీకంపోస్ట్, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి)కు 350.
ఇప్పటిదాకా: రూ. 4,250. మొక్కలు: 36.

దశ 1: జూన్–జూలై 2023, కుళ్లు

నర్సరీలో చెప్పినట్టే ఎర్రమట్టి, వర్మీకంపోస్ట్, కోకోపీట్ సమపాళ్లలో కలిపి నాటాను. జూన్ అంతా బాగానే ఉన్నాయి. జూలై మూడో వారంలో ముసురు పట్టింది, నెలాఖరు దాకా వదల్లేదు. కుండీ మట్టి ఒక్క రోజు కూడా ఆరలేదు.

కుళ్లు ఎలా మొదలవుతుందో తెలిస్తే రెండు మూడు రోజుల ముందే పట్టుకోవచ్చు. మొదట అడుగు ఆకు ఒకటి రంగు మారుతుంది. ఎండిపోయే ఆకు పేపర్‌లా ముడుచుకుంటుంది, అది మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు. కుళ్లే ఆకు మాత్రం ఉబ్బి, పసుపు కలిసిన గాజురంగులోకి వస్తుంది. వేలితో తాకితే చాలు, ఊడి చేతిలోకి వస్తుంది. ఊడిన చోట కాండం మీద తడి మరక ఉంటుంది. కాండాన్ని అడ్డంగా కోస్తే మధ్యలో గోధుమరంగు చుక్కో, వలయమో కనపడుతుంది. ఆ సమయానికి పై ఆకులు నిగనిగలాడుతూనే ఉంటాయి కాబట్టి పైనుంచి చూసి ఏమీ కనిపెట్టలేం.

కుళ్లినవి 9. ఈ పద్ధతిలో 3 దక్కాయి:

1. స్పిరిట్‌తో తుడిచిన బ్లేడుతో కాండాన్ని కింది నుంచి పైకి పలుచని బిళ్లలుగా కోస్తూ పోవాలి.
2. ప్రతి కోతకూ బ్లేడు మళ్లీ తుడవాలి. లేకపోతే కుళ్లును మనమే పైకి ఎక్కిస్తాం.
3. కోసిన ముఖం ఎక్కడా మచ్చ లేకుండా లేతాకుపచ్చగా కనపడే దాకా ఆగకూడదు.
4. మిగిలిన తలను వాన తగలని చోట, గాలికి ఆరబెట్టాలి. నీళ్లు వద్దు, మట్టి వద్దు.

చచ్చిన 6 మొక్కలనూ కుండీ నుంచి పెరికి చూశాను. అన్నిటిలోనూ ఒకటే సంగతి. నర్సరీ కప్పులో ఉన్న కోకోపీట్ ముద్ద వేళ్ల మధ్య అలాగే ఉంది. చుట్టూ మట్టి కాస్త ఆరినా, ఆ ముద్దను పిండితే నీళ్లు కారాయి. బతికిన వాటిలో నాలుగైదు తీసి చూస్తే, నాటేటప్పుడు ఆ ముద్ద దానంతటదే రాలిపోయినవే ఎక్కువ.

మార్చింది: ఏ మొక్క తెచ్చినా అదే రోజు కోకోపీట్ అంతా విదిల్చి, వేళ్లను ఉత్తగా చేసి, రెండు రోజులు నీడలో ఆరనిచ్చి అప్పుడు నాటడం. సన్న వేళ్లు కొన్ని తెగుతాయి, పర్వాలేదు, మళ్లీ వస్తాయి.

పోయినవి: ఎకివేరియా 4, గ్రాప్టోపెటాలం 1, సీడమ్ 1.
మొక్కలు: 30.

దశ 2: ఆగస్టు 2023, మట్టి పరీక్ష

ఆ ఆగస్టులో వాన మొహం చాటేసింది. దేశం మొత్తం మీద 1901 తర్వాత అంత పొడి ఆగస్టు లేదు. రైతులకు అది కష్టకాలం. నా కుండీల్లో మాత్రం అదే మట్టిలో ఉన్నా కుళ్లు ఆగిపోయింది. అంటే రోగం కంటే ముందు చూడాల్సింది, మట్టి ఎన్ని రోజులు తడిగా ఉంటోంది అన్నది. ఆ లెక్క తేల్చడానికి మొక్కలు లేకుండా వట్టి మట్టితో పరీక్ష పెట్టాను.

పద్ధతి:

1. ఒకే సైజు నాలుగంగుళాల ప్లాస్టిక్ కుండీలు నాలుగు. ఒక్కోదాంట్లో ఒక్కో మిశ్రమం, బాగా ఎండబెట్టి నింపడం.
2. వంటింటి డిజిటల్ కాటా మీద పొడి బరువు తూచడం.
3. బకెట్ నీళ్లలో అంచు దాకా ముంచి, తీసి, గంటసేపు కారనివ్వడం. మళ్లీ తూచడం. పెరిగిన బరువే అది పట్టుకున్న నీరు.
4. నీడలో ఒకేచోట పెట్టి రోజూ ఒకే వేళకు తూచడం.

ఫలితాలు:

- మిశ్రమం అ (నర్సరీ పద్ధతి: ఎర్రమట్టి, వర్మీకంపోస్ట్, కోకోపీట్): పట్టుకున్న నీరు 210 గ్రా. పూర్తిగా ఆరడానికి 9 రోజులు.
- మిశ్రమం ఆ (అదే మట్టి, అడుగున రెండంగుళాలు కంకర): మట్టి తక్కువ పట్టింది కాబట్టి నీరు 150 గ్రా. కానీ ఆరడానికి 8 రోజులు, కంకరకు పైన ఉన్న మట్టి చివరిదాకా బురదే.
- మిశ్రమం ఇ (ఎర్రమట్టి 1, రోబో శాండ్ 2): 120 గ్రా., 6 రోజులు. ఆరాక పైన గచ్చులా గట్టిపడింది, రెండోసారి పోసిన నీళ్లు పక్కలనుంచి జారిపోయాయి.
- మిశ్రమం ఈ (ఎర్రమట్టి 1, ఇటుక ముక్కలు 3, బేబీ చిప్స్ (సన్న కంకర రాళ్లు) 1, వర్మీకంపోస్ట్ అర, బొగ్గు ముక్కలు అర): 80 గ్రా., 3 రోజులు.

ఇందులో రెండు విషయాలు విడిగా చెప్పాలి.

ఒకటి, అడుగున కంకర. దాదాపు అందరూ వేస్తారు, నీళ్లు బాగా దిగుతాయని. నిజానికి సన్న మట్టిలోంచి పెద్ద ఖాళీలున్న కంకరలోకి నీరు అంత తేలిగ్గా దిగదు. మట్టి అడుగు పూర్తిగా నానిన తర్వాతే కిందకు కారుతుంది. ఏ కుండీలోనైనా మట్టి అడుగున ఇలా ఒక నీటి పొర నిలుస్తుంది. దాని మందం మట్టి ఎంత సన్నం అన్నదాన్ని బట్టి ఉంటుంది కానీ కుండీ లోతును బట్టి కాదు. కంకర వేస్తే ఆ నీటి పొర పోదు, వేళ్ల దగ్గరికి పైకి జరుగుతుంది. అనుమానం ఉంటే గిన్నెలు తోమే స్పాంజి తడిపి అడ్డంగా పట్టుకోండి. కారడం ఆగాక నిలువుగా తిప్పండి, మళ్లీ కారుతుంది. స్పాంజి ఎత్తు పెరిగింది కానీ అడుగున నిలిచే నీరు అంతే, మిగతాది దిగిపోయింది. కంకర వేసి మట్టి లోతు తగ్గించడం దీనికి సరిగ్గా తలకిందుల పని. ఇప్పుడు అడుగు చిల్లుకు చిన్న దోమతెర ముక్క తప్ప ఏమీ వేయడం లేదు.

రెండోది రోబో శాండ్. క్వారీ రాయిని పొడి చేసిన ఇసుక కాబట్టి దాంట్లో సన్న డస్ట్ ఎక్కువ. తడిసి ఎండితే ఆ డస్టే గట్టిపడుతుంది. వాడక తప్పదంటే నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి వాడండి. అంత కష్టపడే బదులు ఇటుకే నయం.

ఇటుక ముక్కలు తయారుచేసే తీరు:

1. బాగా కాలిన ఎర్ర ఇటుక. సున్నం, సిమెంటు అంటిన పాత ఇటుక వద్దు, మట్టిని క్షారం చేస్తుంది.
2. గోనెసంచిలో వేసి సుత్తితో కొట్టడం. కళ్లద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.
3. రెండు జల్లెళ్లు. పెద్ద కళ్ల జల్లెడలో 8 మి.మీ. కంటే పెద్దవి ఆపడం, చిన్న జల్లెడలో 3 మి.మీ. కంటే సన్నవి కిందకు వదిలేయడం.
4. మధ్యలో మిగిలినవి కడిగి, రాత్రంతా నానబెట్టి, ఆరబెట్టి వాడడం.

బేబీ చిప్స్ మా వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రి ఇచ్చాడు. "మొక్కలకా అమ్మా, ఓ తట్ట తీస్కపోండి" అన్నాడు. వాటినీ అదే జల్లెళ్లతో జల్లించాను.

ఆగస్టు చివర్లో అన్ని మొక్కలనూ మిశ్రమం 'ఈ'లోకి మార్చాను. సెప్టెంబరులో మళ్లీ గట్టి వానలు పడ్డాయి. ఒక్క మొక్కా కుళ్లలేదు.

ఖర్చు: కాటా 450, జల్లెళ్లు 180, ఇటుక 100, బొగ్గు 60.
ఇప్పటిదాకా: రూ. 5,040. మొక్కలు: 30.

దశ 3: అక్టోబర్–డిసెంబర్ 2023, పిట్టగోడ నీడ

కుళ్లు ఆగాక వచ్చిన సమస్య సాగడం. నవంబరు మధ్యకల్లా ఎకివేరియా ఆకులు విచ్చుకుని కిందికి వాలాయి. నడిమి నుంచి మొక్క పైకి లేచింది. మిద్దె మీద ఇంత ఎండ ఉండగా మొక్క వెలుతురు చాలక సాగుతోందంటే మొదట నమ్మబుద్ధి కాలేదు, అందుకే కొలిచాను.

కొలత: కొత్తగా వచ్చిన ఐదు ఆకులు అంటుకున్న కాండం పొడవు, స్కేలుతో. విడిగా ట్యాంకు పక్కన ఆరుబయట ఉన్న కుండీలో 6 మి.మీ. దక్షిణం పిట్టగోడ వారగా నేలమీద ఉన్న వాటిలో 18 నుంచి 21 మి.మీ.

ఫోన్‌లో వెలుతురు కొలిచే లక్స్ మీటర్ యాప్‌తో మధ్యాహ్నం 12 గంటలకు చూస్తే ఆరుబయట 80,000 పైన, గోడ వారగా 9,000. ఫోన్ చూపించే అంకె కచ్చితం కాకపోవచ్చు, కానీ రెండు చోట్ల మధ్య తేడా తెలుసుకోవడానికి అది చాలు.

కారణం సూర్యుడి దారి. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. దాన్నిబట్టి మధ్యాహ్నం నీడ లెక్క వేసుకోవచ్చు:

- మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. దక్షిణ గోడ నీడ మిద్దె మీద పడదు.
- సెప్టెంబర్ 23 ప్రాంతంలో సూర్యుడి ఎత్తు 72.6 డిగ్రీలు. 107 సెం.మీ. గోడకు నీడ 34 సెం.మీ.
- డిసెంబర్ 21 ప్రాంతంలో ఎత్తు 49 డిగ్రీలే. అదే గోడ నీడ 92 సెం.మీ., అంటే మూడడుగులు. అది మధ్యాహ్నం లెక్క. పొద్దున, సాయంత్రం నీడ ఇంకా లోపలికి వస్తుంది.

జూన్‌లో పూర్తి ఎండలో పెట్టిన కుండీ, దాన్ని అంగుళం కదపకపోయినా, డిసెంబరుకు రోజంతా నీడలో ఉంటుంది. పైగా చలికాలం ఈ మొక్కలకు మన దగ్గర అసలైన పెరుగుదల కాలం. రాత్రులు చల్లగా, గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అవి నీళ్లు తాగి పెరుగుతాయి. పెరిగే కాలంలో వెలుతురు లేకపోతే ఆ పెరుగుదలంతా కాండానికే పోతుంది. మీ మిద్దె మీద ఏ పని మొదలుపెట్టేముందైనా పిట్టగోడ ఎత్తు కొలిచి, దక్షిణం గోడ నుంచి అంత దూరం సుద్దముక్కతో గీత గీయండి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా గోడకూ ఆ గీతకూ మధ్య సక్యులెంట్ కుండీ నేలమీద పెట్టకూడదు.

మార్చింది: పాత ఇనుప బల్ల కొని, రెండున్నర అడుగుల ఎత్తున, ఉత్తరం వైపుకు జరిపాను.

మార్చడంలో ఒక దెబ్బ తగిలింది. నీడలో ఉన్నవాటిని నేరుగా ఎండలోకి తెస్తే, అది డిసెంబరు ఎండే అయినా, 4 మొక్కల ఆకులు కాలాయి. మొదట తెల్లటి మచ్చ, వారానికి గోధుమరంగు పొక్కు. ఆ మచ్చ ఆకు రాలేదాకా పోదు. మిగతావాటికి పాటించిన క్రమం:

1. మొదటి వారం పొద్దున 9 గంటల దాకా ఎండ.
2. రెండో వారం 11 దాకా.
3. మూడో వారం నుంచి రోజంతా.

ఇలా తెచ్చిన వాటిలో ఒక్క మచ్చా లేదు.

నీళ్ల సంగతి కూడా ఈ దశలోనే తేలింది. ఒకే బల్ల మీద, ఒకే ఎండలో గ్రాప్టోపెటాలం మూడింటికి వారానికోసారి తప్పకుండా నీళ్లు, మూడింటికి బరువు చూసి నీళ్లు. నెలన్నర తర్వాత ఐదాకుల కాండం మొదటి వాటిలో సగటున 11 మి.మీ., రెండోవాటిలో 7. వెలుతురు ఒక్కటే కాదన్నమాట. ఎండ ఎంత ఉందో దానికి తగ్గ నీళ్లే ఇవ్వాలి.

బరువు చూసే తీరు:

1. కుండీని నీళ్లలో ముంచి, గంట కారాక తూచి, ఆ అంకె కుండీ అడుగున మార్కర్‌తో రాయడం. ఉదాహరణకు 720.
2. ఐదారు రోజులు ఆరనిచ్చి, బరువు తగ్గడం ఆగిన రోజు తూచి, అదీ రాయడం. 630.
3. బరువు పొడి అంకెకు దిగాక ఇంకో రెండు మూడు రోజులు ఆగి, అడుగు ఆకు వేళ్ల మధ్య మెత్తగా వంగితేనే నీళ్లు.
4. ఇచ్చినప్పుడు అడుగు చిల్లు నుంచి కారేదాకా ఇవ్వడం. చారెడు పోసి వదిలేస్తే పైవేళ్లకే తడి అందుతుంది. బోరు నీళ్లయితే ఉప్పు కూడా మట్టిలోనే మిగిలిపోయి కుండీ గోడ మీద తెల్లగా పేరుకుంటుంది.

కొన్నాళ్లకు కుండీ ఎత్తగానే చేతికి తెలిసిపోతుంది, కాటా అవసరం ఉండదు.

డిసెంబరు ఆఖరుకు, ఎండలోకి వచ్చిన గ్రాప్టోపెటాలం ఆకుల అంచులు గులాబీ రంగుకు తిరిగాయి. ఎండ, చల్లని రాత్రి, తక్కువ నీరు మూడూ కలిస్తే ఆకుల్లో ఆంథోసయనిన్ అనే రంగు పెరుగుతుంది. అది చూస్తే ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. దాని కోసం మందులేమీ వేయనక్కర్లేదు.

ఖర్చు: బల్ల 1,200. ఇప్పటిదాకా: రూ. 6,240. మొక్కలు: 30.

దశ 4: జనవరి–ఫిబ్రవరి 2024, తల కోత

సాగిన కాండం మళ్లీ పొట్టిపడదు. ఎండలోకి తెచ్చాక పైన కొత్త ఆకులు దగ్గరగా వస్తాయి కానీ కింద బోసి కాండం అలాగే ఉంటుంది. బాగా సాగిన 9 మొక్కలకు తల కోశాను. జనవరి దీనికి మంచి అదను. గాలి పొడిగా ఉంటుంది, కోత త్వరగా మానుతుంది.

1. కోసే ముందు పది రోజులు నీళ్లు ఆపడం.
2. తల కింద రెండు సెంటీమీటర్ల కాండం ఉండేలా కోయడం. ఆకులు దగ్గరగా ఉండి బ్లేడు దూరకపోతే సన్న నైలాన్ దారం చుట్టి, రెండు కొసలూ ఎదురెదురుగా లాగితే శుభ్రంగా తెగుతుంది.
3. తలను ఖాళీ గ్లాసు అంచు మీద కూర్చోబెట్టి, నీడలో వారం. కోత గట్టిపడి, పెచ్చు కట్టాలి.
4. పొడి మిశ్రమంలో కూర్చోబెట్టడం. నీళ్లు వద్దు. సన్న తెల్ల వేళ్లు కనపడ్డాక మొదటి తడి.
5. మోడుకు కనీసం నాలుగైదు ఆకులు ఉంచి, మామూలు ఎండలోనే వదిలేయడం.

ఫలితం: 9 తలల్లో 8 వేరు పోశాయి. 9 మోళ్లలో 7 పిలకలు వేశాయి. రాలిన ఆకులు 40 ఒక ట్రేలో పొడి మిశ్రమం మీద పరిస్తే, 14 పిల్లమొక్కలయ్యాయి. ఆకును పక్కలకు మెల్లగా ఊపి పీకాలి. మొదలు కాండానికే మిగిలిపోతే ఆ ఆకు నుంచి ఏమీ రాదు. మొలవని 26లో ఎక్కువ అలా తెగినవే.

మొక్కలు: 36 (ముట్టనివి 21, తలలు 8, మోళ్లు 7). ట్రేలో పిల్లలు 14.

దశ 5: మార్చి 2024, పిండినల్లి

చీమలు బల్ల కాళ్ల మీద బారులు కడితే, మొక్కలో పిండినల్లి (తెల్ల పిండిలా కనపడే, రసం పీల్చే పురుగు) ఉందేమో చూడాలి. అది వదిలే తీపి జిగురు కోసం చీమలే దాన్ని మొక్క నుంచి మొక్కకు మోస్తాయి. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో, సాయంత్రం పూట, ఆకు మొదళ్లలో తుడిచాను. ఐదారు రోజులకోసారి, నెల పాటు. బల్ల కాళ్లు నీళ్ల పళ్లాల్లో పెట్టాక చీమలు ఆగాయి.

వేపనూనె రెండు ఎకివేరియాల మీద వాడి చూశాను. ఆకు మీది బూడిద పూత జిడ్డుతో పోయింది, మరునాడు ఎండకు ఆకులు మాడాయి. పూత ఉన్న మొక్కలకు ఎండాకాలంలో అది వద్దు.

హవార్థియా ఒకటి కారణం లేకుండా వాడుతుంటే పెరికి చూశాను, వేళ్ల మీద తెల్ల పిండి. వేళ్లలో పిండినల్లి పైకి కనపడదు. నీళ్లు ఇచ్చినా ఆకు ఉబ్బకపోతే కుండీ తిరగేసి చూడాలి.

పోయినవి: హవార్థియా 1, గ్రాప్టోపెటాలం 1. ఖర్చు 150.
ఇప్పటిదాకా: రూ. 6,390. మొక్కలు: 34.

దశ 6: ఏప్రిల్–మే 2024, ఎండ కాదు, రాత్రి వేడి

చేతి థర్మామీటర్‌తో మే నెల మధ్యాహ్నం 3 గంటలకు: మిద్దె నేల 58 డిగ్రీలు. నల్ల ప్లాస్టిక్ కుండీ అంచున మట్టి 50. మట్టి కుండీలో 43. మట్టి కుండీని ఇంకో పెద్ద మట్టి కుండీలో పెట్టి మధ్యలో ఖాళీ వదిలితే 39. ఈ చివరి పద్ధతి చవక, పనిచేస్తుంది.

షేడ్ నెట్‌తో రెండు పరీక్షలు. మొదట 75 శాతం ఆకుపచ్చ నెట్ రోజంతా కప్పితే ఆకులు కాలలేదు కానీ మూడు వారాలకే మళ్లీ సాగడం మొదలైంది. తీసేసి 50 శాతం నెట్, కర్టెన్ రింగులకు కట్టి, పొద్దున 11 నుంచి సాయంత్రం 4 దాకా మాత్రమే లాగుతున్నాను. పొద్దుటి ఎండ పూర్తిగా తగలాలి. నెట్ మొక్కల మీద నాలుగడుగుల ఎత్తున ఉండాలి. దగ్గరగా కడితే కింద వేడి నిలుస్తుంది.

అసలు చిక్కు పగటి ఎండ కంటే రాత్రిదే. సక్యులెంట్లు చాలావరకు పగలు ఆకు రంధ్రాలు మూసి, రాత్రి చల్లబడ్డాక తెరిచి, అప్పుడు కార్బన్ డయాక్సైడ్ పీల్చి దాచుకుంటాయి. ఎకివేరియాల సొంత ఊరు ఎక్కువగా మెక్సికో ఎత్తైన కొండ ప్రాంతాలు, అక్కడ రాత్రి బాగా చల్లబడుతుంది. మన మే రాత్రి 28 డిగ్రీలు దాటినప్పుడు వాటి పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. నీళ్లు తాగవు. తాగని మొక్కకు పోసిన నీళ్లు వేడిమట్టిలో వేళ్లను ఉడకబెడతాయి. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఎరువు పూర్తిగా బంద్. నీళ్లు రెండు వారాలకోసారి, రాత్రి 9 తర్వాత, సగం. ఆకులు కాస్త ముడుచుకుని మొక్క ముద్దలా కనపడుతుంది, అది విశ్రాంతి. జాలిపడి నీళ్లు పోయకూడదు.

మే మొదట్లో ఈదురుగాలితో వాన కొట్టింది. మరునాడు ఎండ విరగకాసింది. రోజెట్ల (పువ్వు రేకుల్లా గుండ్రంగా అమరిన ఆకుల) నడుమ నీళ్లు నిలిచిన ఎకివేరియాలు మూడు, సీడమ్ ఒకటి రెండు రోజుల్లో మెత్తబడ్డాయి. ఈసారి తల కోసినా దక్కలేదు, మచ్చ నడిమి దాకా ఎక్కేసింది. బతికినవి, వాన వెలిసిన వెంటనే మొక్క నడుమ నీటిని రబ్బరు బ్లోయర్‌తో ఊదేసినవి. ఎండాకాలపు వానకు ఇంతకన్నా వేరే మందు లేదు.

పోయినవి: 4. ట్రేలో పిల్లల్లో మిగిలినవి 9. నెట్లకు 900.
ఇప్పటిదాకా: రూ. 7,290. మొక్కలు: 30, పిల్లలు 9.

దశ 7: జూన్–సెప్టెంబర్ 2024, రెండో వానాకాలం

మట్టి సరిగా ఉన్నా ముసురును మట్టి ఒక్కటే ఆపలేదు. పారదర్శక పాలికార్బొనేట్ షీటు, జీఐ పైపుల చట్రం వెల్డింగ్ చేయించి, దక్షిణానికి వాలుగా వేయించాను. నాలుగు వైపులా తెరిచే ఉంది, గాలి ఆడకపోతే కప్పు ఉన్నా బూజు వస్తుంది. వెల్డింగ్ ఆయన నాలుగు కాళ్లనూ మిద్దెకు బోల్టు వేద్దామన్నాడు. స్లాబుకు చిల్లు పెడితే నీరు దిగుతుందని వద్దని, ఒక్కో కాలికి ఇసుక బస్తా కట్టాం. గాలివానలకు కదల్లేదు.

షీటు కింద లక్స్: బయట 70,000 ఉన్నప్పుడు లోపల 56,000. మబ్బు రోజుల్లో లోపల 15,000 కూడా ఉండదు. అలాంటి వారాల్లో నీళ్లు అసలు ఇవ్వలేదు. జూలైలో కొన్ని కుండీలకు మూడు వారాల పాటు చుక్క నీరు పోయలేదు, ఆకుల్లో దాచుకున్న నీరే వాటిని నిలబెట్టింది. ఐదాకుల కాండం ఆ నెలల్లో 8 మి.మీ. దాటలేదు.

జేడ్, పోర్చులకేరియా వానలోనే బయట ఉంచాను. మిశ్రమం 'ఈ'లో వాటికి ఏమీ కాలేదు, కొమ్మ కొసలు తుంచినకొద్దీ గుబురయ్యాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ రెండూ, గ్రాప్టోపెటాలం, హవార్థియా తెచ్చుకోండి. కొండ ఊళ్ల నర్సరీల నుంచి పార్సెల్లో వచ్చే రంగురంగుల ఎకివేరియాలు ఫొటోలో ఉన్నంత కుదురుగా ఇక్కడ చలికాలం నాలుగు నెలలే ఉంటాయి. మిగతా ఏడాది వాటిని కాపాడుకోవడమే పని. మన దక్కను బండల సందుల్లో తనంతట తాను పెరిగే కుందేటి కొమ్ములు అనే సక్యులెంట్ కూడా ఒక కుండీలో పెట్టాను. ఏ దశలోనూ దానికి ఏ సాయమూ చేయాల్సిన అవసరం రాలేదు, అందుకే లెక్కలో కలపలేదు.

పోయినవి: ఎకివేరియా 1, కప్పు అంచున జల్లు తగిలిన చోట ఉన్నది. షీటు, చట్రం 4,100.

సెప్టెంబర్ 2024 నాటికి లెక్క:

- మొత్తం ఖర్చు: రూ. 11,390
- మొక్కలు: 29, కుండీల్లోకి మారిన పిల్లలు 9. మొత్తం 38
- ఎత్తును వెడల్పుతో భాగిస్తే 0.5 లోపు ఉన్నవి: 38లో 27
- మళ్లీ తల కోయాల్సినవి: 5

అక్టోబరులో చేయాల్సినవి:

1. నెట్ పూర్తిగా విప్పడం. షీటు వాన తగ్గడం చూసుకుని నెలాఖరున తీయడం.
2. బల్లను సుద్ద గీత దాటించి ఉత్తరానికి జరపడం.
3. 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్నది) లీటరు నీళ్లకు అర గ్రాము, నెలకోసారి, ఫిబ్రవరి దాకా. నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తబడి సాగుతుంది కాబట్టి అంతకు మించకూడదు.
4. సగం కుండీలకు బోరు నీళ్లు, సగానికి డ్రమ్ములో పట్టిన వాన నీళ్లు. కుండీ మీద ఉప్పు, ఆకు సైజు నెలనెలా కొలవడం.
5. ఆ 5 తలలూ సంక్రాంతి లోపు కోయడం.